పాత 911లో ఆయిల్ కాగుతోందా: పెద్ద కూలర్ కొనే ముందు వరసగా చూడాల్సినవి

టాకోమీటర్‌కి (ఆర్‌పీఎం చూపే మీటర్‌కి) ఎడమ పక్క ఆయిల్ వేడి చూపే గేజ్‌లో సూది రోజూ ఆగే చోట ఆగకుండా పైకి పాకుతుంటే, పాత పోర్షే 911 నడిపేవాళ్లకి వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. కళ్లు రోడ్డు మీద ఉండవు, సూది మీదే ఉంటాయి. ఇంటికి రాగానే చేసే మొదటి పని ఫోన్ తీసి పెద్ద ఆయిల్ కూలర్ ఎంతకి దొరుకుతుందో వెతకడం. ఆ పని ఒక్క వారం ఆపండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తలో ఈ కారు ఇదే ఫ్యాన్‌తో, ఇవే పైపులతో మండే ఎండల్లో కూడా తిరిగింది. ఇప్పుడు కాగుతోందంటే, ఇన్నేళ్లలో ఏదో ఒకటి మూసుకుపోయింది, నలిగింది, ఊడిపోయింది, లేదా ఎవరో విప్పి మళ్లీ బిగించలేదు. అదేదో కనిపెట్టకుండా పెద్ద కూలర్ పెట్టడం జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసినట్టే. కొన్నాళ్లు సూది దిగుతుంది, అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా 1964 నుంచి 1998 దాకా వచ్చిన, గాలితో చల్లబడే పోర్షే 911ల గురించి. 993 మోడల్‌తో ఆ వరస ముగిసింది. ఏడాదిని బట్టి భాగాలు మారతాయి కానీ వెతికే క్రమం మారదు. ఖర్చు లేనిదాన్నుంచి ఖర్చున్నదానికి, విప్పక్కర్లేనిదాన్నుంచి విప్పాల్సినదానికి వెళ్లాలి.

ఆయిల్ ఏ దారిన తిరుగుతుంది

ఈ దారి బుర్రలో పడకపోతే మిగతా పరీక్షలన్నీ గుడ్డి వెతుకులాటే అవుతాయి. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

911లో ఆయిల్ మామూలు కార్లలోలాగా ఇంజిన్ అడుగున నిలవ ఉండదు. దానికి విడిగా ఒక ట్యాంక్ ఉంటుంది. చాలా మోడళ్లలో అది కుడి వెనక చక్రం వెనకాల, ఫెండర్ లోపల దాగి ఉంటుంది. ఇంజిన్‌లోని పంపుకి రెండు భాగాలు. ఒక భాగం ట్యాంక్ నుంచి ఆయిల్ లాగి, ఒత్తిడితో బేరింగులకి, వాల్వుల్ని తెరిచే క్యామ్‌లకి పంపుతుంది. రెండోది ఇంజిన్ అడుగుకి కారిన వేడి ఆయిల్‌ని తోడి తిరిగి ట్యాంక్‌కి పంపుతుంది.

కూలర్లు కూడా ఈ రెండు దారుల్లోనే ఉంటాయి. ఇంజిన్‌కే బిగించిన కూలర్ మొదటి దారిలో, అంటే ఒత్తిడి వైపు ఉంటుంది. ఫ్యాన్ గాలి దాన్ని చల్లబరుస్తుంది. దానికి ఇంజిన్ మీదే సొంత థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వు ఉంటుంది. ముందు కుడి ఫెండర్‌లో ఉండే కూలర్ రెండో దారిలో, తిరుగు ప్రయాణంలో ఉంటుంది. దాన్ని నడిపే థర్మోస్టాట్ కుడి వెనక చక్రం గూటిలో ఉంటుంది. దానికి నాలుగు లావు పైపులు వచ్చి కలుస్తాయి. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు అది ముందుకి వెళ్లే దారి మూసి, ఆయిల్‌ని నేరుగా ట్యాంక్‌లోకి వదిలేస్తుంది. సుమారు 83 నుంచి 87 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకుని, ముందు కూలర్ దాకా పంపుతుంది.

ముందు కూలర్ అన్ని కార్లకీ లేదు. మొదట 1969 నాటి 911 ఎస్‌కి ఇచ్చారు. తర్వాత రకరకాలుగా మారింది. కొన్నిటికి ట్రాంబోన్ వాయిద్యంలా వంగిన ఉత్త గొట్టం, కొన్నిటికి ఇత్తడి గొట్టాల కట్ట, 3.2 కరేరా కాలానికి రెక్కలున్న రేడియేటర్ లాంటిది. ఆ తర్వాత దానికి కరెంటు ఫ్యాన్ కూడా తోడైంది. ముందు మీ కారుకి ఏది ఉందో వంగి చూసి తెలుసుకోండి. ఉత్త గొట్టం ఉన్న కారు నుంచి రెక్కల కూలర్ ఉన్న కారు చూపించే అంకె ఆశించడం న్యాయం కాదు.

మొదటి మెట్టు: కాగుతోందా, గేజ్ అలా అంటోందా

కాగుతోందని వచ్చే కార్లలో కొన్ని అసలు కాగవు. గేజ్ తప్పు చెబుతుంటుంది. కాబట్టి స్పానర్ ముట్టుకునే ముందు గేజ్‌ని పరీక్షించండి.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సూది ఎక్కడుందో చూసి హెడ్‌లైట్లు వేయండి. తర్వాత ఇండికేటర్ వేయండి. లైట్లతో పాటు సూది ఎగిరినా, ఇండికేటర్ లయకి ఊగినా గేజ్‌కి ఎర్త్ సరిగ్గా అందడం లేదని అర్థం. ఆయిల్ వేడి లైటు వేసిన క్షణంలో మారదు కదా. గేజ్ వెనకాల ఉన్న గోధుమ రంగు ఎర్త్ వైరు కొస శుభ్రం చేసి గట్టిగా బిగిస్తే చాలాసార్లు అక్కడికక్కడే కథ ముగుస్తుంది.

తర్వాత సెండర్, అంటే ఆయిల్ వేడి ఎంతో గేజ్‌కి చెప్పే భాగం. ఇంజిన్ మీద ఉండే ఈ చిన్న భాగం వేడెక్కేకొద్దీ తన నిరోధం తగ్గించుకుంటుంది. అందుకే తాళం ఆన్‌లో పెట్టి సెండర్ వైరు పీకితే సూది పూర్తిగా కిందికి పడిపోవాలి. అదే వైరుని ఒక్క క్షణం ఇంజిన్ లోహానికి తాకిస్తే పైకి ఎగరాలి. వైరు పీకినా సూది పైనే ఉంటే, ఆ వైరు దారిలో ఎక్కడో తోలు ఊడి బాడీకి తగులుతోంది. ఇంకో సంగతి, ఇలాంటి సెండర్లు 120 డిగ్రీల గేజ్‌కి ఒక రకం, 150 డిగ్రీల గేజ్‌కి ఒక రకం దొరుకుతాయి. మరలు ఒకటే కావడంతో ఒకదాని బదులు ఒకటి చక్కగా బిగుస్తుంది, అంకె మాత్రం తప్పు చూపిస్తుంది. సెండర్ మార్చిన తర్వాతే గొడవ మొదలైతే అనుమానం దాని మీదే పెట్టుకోండి.

అసలు అంకె కావాలంటే వంటకి వాడే పొడవాటి కాడ థర్మామీటర్ ఒకటి తీసుకోండి. ఒక అరగంట నడిపి వచ్చి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తీసి, కాడని ఆయిల్‌లో మునిగేలా పట్టుకోండి. కాడ జారి ట్యాంక్‌లో పడకుండా పైన తీగతో కట్టుకోవడం మంచిది. ట్యాంక్‌లో ఆయిల్‌కీ సెండర్ దగ్గర ఆయిల్‌కీ కొద్ది డిగ్రీల తేడా ఉంటుంది, అది సహజం. థర్మామీటర్ 95 చూపిస్తుండగా గేజ్ సూది 120 దగ్గర ఉందంటే మాత్రం మీకు కావాల్సింది కూలర్ కాదు. మీ గేజ్ మీద అంకెలు లేకుండా ఉత్త గీతలే ఉంటే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. ఏ గీత ఎంతకి సమానమో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక ఎంత వేడి మామూలు? ఇవి నేను పెట్టుకున్న హద్దులు. 80 నుంచి 105 దాకా నిశ్చింత. మండుటెండలో, ట్రాఫిక్‌లో 110, 115 వచ్చి అక్కడ నిలబడితే కంగారు లేదు. 120 దాటితే ఆరా తీయాలి. 130 వైపు వెళ్తూ ఎక్కడా నిలబడకపోతే బండి పక్కకి తీయాలి. నిలబడటం, ఎక్కుతూనే ఉండటం ఈ రెంటి మధ్య తేడా అంకె కంటే ముఖ్యం.

రెండో మెట్టు: లెవెల్

ఇది చిన్న పనే కానీ తప్పుగా చేసేవాళ్లే ఎక్కువ. 911లో ఆయిల్ లెవెల్ చూడాల్సింది ఇంజిన్ బాగా వేడెక్కి, బండి సమంగా ఉన్న నేల మీద, ఐడిల్‌లో నడుస్తుండగా. ఉదయాన్నే చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తీస్తే పొడిగా రావచ్చు. అది చూసి భయపడి రెండు లీటర్లు పోస్తారు. సాయంత్రానికి ఆయిల్ ఎక్కువై, శ్వాస గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి పొంగి, వెనక తెల్లటి పొగ వస్తుంది. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య తేడా ఒకటిన్నర లీటర్ల పైనే ఉంటుంది. కాబట్టి పోసేటప్పుడు అర లీటరు చొప్పున పోసి, కాసేపు ఆగి, మళ్లీ చూడండి.

తక్కువైతే ఉన్న కొద్ది ఆయిల్ మరీ త్వరగా తిరిగి, చల్లబడే తీరిక లేకుండా మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఎక్కువైతే నురగ కడుతుంది. నురగలో ఉన్న గాలి వేడిని మోయలేదు. డిప్‌స్టిక్ చేతిలో ఉన్నప్పుడే వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన కొడితే ఇంజిన్‌కి ఇంధనం ఎక్కువ పడి ఆయిల్‌లో కలుస్తోంది. అలాంటి ఆయిల్ పల్చబడి ఉంటుంది, దాన్ని మార్చకుండా మిగతా పరీక్షలకి వెళ్లకండి.

మూడో మెట్టు: ఎప్పుడు కాగుతోంది

ఒక నోటు పుస్తకం పెట్టుకుని వారం రోజులు రాయండి. బయటి ఎండ ఎంత, రోడ్డు ఎలాంటిది, ఎన్ని ఆర్‌పీఎం, ఏసీ వేసి ఉందా, సూది ఎక్కడ ఆగింది. ఈ వారం రాతే సగం రోగ నిర్ధారణ.

ట్రాఫిక్‌లో ఎక్కి, బండి కదలగానే దిగిపోతుంటే ముందు కూలర్‌కి కదలకుండా ఉన్నప్పుడు గాలి అందడం లేదు. ఫ్యాన్ లేని కూలర్ అయితే అది దాని స్వభావం. ఫ్యాన్ ఉన్నదైతే ఫ్యాన్ తిరగడం లేదు. 964 (993కి ముందు తరం), 993 కార్లలో ఈ ఫ్యాన్‌కి రెండు వేగాలు ఉంటాయి. తక్కువ వేగం ఒక రెసిస్టర్ ద్వారా నడుస్తుంది. ఆ రెసిస్టర్ కాలిపోవడం ఈ కార్లలో అందరికీ తెలిసిన జబ్బు. తక్కువ వేగం పోతే, వేడి బాగా ముదిరి ఎక్కువ వేగం అందుకునే దాకా ఫ్యాన్ ఊరికే కూర్చుంటుంది. ఫెండర్ దగ్గర చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

దీనికి తిరగబడి, ఊళ్లో బాగానే ఉండి హైవే మీద ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఎక్కుతుంటే అది ఇంకొంచెం గంభీరం. ఆయిల్ దారిలో ఇరుకు ఉండవచ్చు, ఫ్యాన్ గాలి ఎక్కడో కారిపోతూ ఉండవచ్చు, ఇంజిన్ తనంతట తానే వేడి ఎక్కువ పుట్టిస్తూ ఉండవచ్చు. రెండు చోట్లా కాగుతుంటే థర్మోస్టాట్, పైపులు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఉన్నట్టుండి ఎక్కితే బెల్ట్, లేదా ఫ్యాన్‌లోకి ఏదో వెళ్లి అడ్డం పడింది.

ఏసీ వేసినప్పుడే కాగడం ఇంకో రకం. 911లోనే ఎస్‌సీ, 3.2 కరేరా మోడళ్లలో ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే రెక్కల భాగం) ఒకటి ఇంజిన్ మూత కిందే ఉంటుంది. ఫ్యాన్ పీల్చే గాలి దాని గుండానే వస్తుంది. అంటే ఇంజిన్‌కి అందేది అప్పటికే వేడెక్కిన గాలి. ఏసీ కట్టేసి పదిహేను నిమిషాల్లో సూది దిగితే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము ఉందేమో చూసి కడగండి.

నాలుగో మెట్టు: పైపుల వెంట వేడిని పట్టుకోవడం

ముందు కూలర్ ఉన్న కార్లకి ఇదే అసలైన పరీక్ష. దీనికి కావాల్సింది ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, కొంచెం నల్ల టేపు. టేపు ఎందుకంటే, మెరిసే లోహం మీద ఈ గన్ ఉన్న వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. మెరిసే పైపు మీద 60 చూసి, అమ్మయ్య అనుకుని, అదే పైపు మీద చెయ్యి పెట్టి కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. కొలిచే ప్రతి చోటా వేడిని తట్టుకునే మెరుపు లేని నల్ల టేపు ముక్క ముందే అంటించి, ఎప్పుడూ దాని మీదే కొలవండి.

టేపు అంటించాల్సిన చోట్లు ఇవి: వెనక థర్మోస్టాట్ దగ్గర నాలుగు పైపులు, ముందు కూలర్‌లోకి వెళ్లే పైపు, దాన్నుంచి వచ్చే పైపు. బండిని చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టండి. గేజ్ 80 దాటేదాకా ముందు పైపులు చల్లగానే ఉండాలి. సూది 90 దాటాక ఒక ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి, ఆగిన వెంటనే కొలవండి. ఆలస్యం చేస్తే అంకెలన్నీ ఒకటైపోతాయి. గ్యారేజ్‌లో నిలబెట్టి ఐడిల్‌లో కొలిస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఫ్యాన్ లేని కూలర్‌కి అక్కడ గాలే లేదు. జాక్ మీద ఎత్తాల్సి వస్తే కింద స్టాండ్లు పెట్టకుండా చెయ్యి పెట్టకండి.

గేజ్ 110 దగ్గర ఉండి ముందు పైపులు రెండూ చల్లగా ఉంటే, ఆయిల్ అసలు ముందుకి వెళ్లడం లేదు. థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయింది, లేదా దారి పూర్తిగా మూసుకుపోయింది.

వెళ్లే పైపు, వచ్చే పైపు రెండూ కాలిపోతూ, రెంటికీ తేడా దాదాపు లేకపోతే ఆయిల్ వెళ్తోంది కానీ కూలర్ దగ్గర చల్లబడటం లేదు. రెక్కల్లో మట్టి, ఎండుటాకులు, పురుగులు పేరుకుని ఉంటాయి. ఫెండర్ లోపలి వైపు కనిపించదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ చూసి ఉండరు. నెమ్మదిగా నీళ్లతో వెనక నుంచి ముందుకి కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే మెత్తటి రెక్కలు వాలిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

మూడోది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే దీన్ని అందరూ మంచి సంగతి అనుకుంటారు. వెళ్లే పైపు బాగా వేడిగా, వచ్చే పైపు చాలా చల్లగా ఉండటం. కూలర్ అద్భుతంగా పని చేస్తోందని సంతోషపడతారు. కాదు. ఆయిల్ కూలర్‌లో చాలాసేపు ఉండిపోతేనే అంతలా చల్లబడుతుంది. అంటే ధారగా రావాల్సింది చుక్కలుగా వస్తోంది. వచ్చే ఆ కొంచెం చల్లగానే ఉంటుంది, కానీ పది లీటర్లకు పైగా ఉన్న ఆయిల్‌కి అది ఏ మూలకి సరిపోతుంది? ఆరోగ్యంగా ఉన్న కారులో వచ్చే పైపు వెళ్లేదానికంటే కొంచెం చల్లగా ఉంటుంది, అంతే.

ఇలా ధార సన్నగిల్లడానికి ఒక పెద్ద కారణం జాక్. ముందుకి వెళ్లే రెండు ఆయిల్ పైపులూ కారు కుడి పక్క గుమ్మం కింద నుంచి పోతాయి. తెలియనివాళ్లు టైరు మార్చడానికి జాక్ సరైన చోట కాకుండా అక్కడే పెట్టి ఎత్తితే, ఆ లోహపు పైపు చపాతీలా నలుగుతుంది. బయటికి కారదు, చప్పుడు చేయదు, ఎవరికీ తెలియదు. నేను చూసిన ఒక కారులో రెండు థర్మోస్టాట్లు, ఒక కొత్త కూలర్ మార్చేశాక, చివరికి కింద పడుకుని టార్చ్ వేసి, పైపు పొడవునా వేళ్లతో తడుముకుంటూ వెళ్తే బొటనవేలు ఒక చోట పల్లంలోకి దిగింది. వేలెడంత పొడవున గుండ్రటి పైపు కాస్తా బల్లపరుపుగా ఉంది. పైన తుప్పు పట్టకుండా వేసే అండర్‌కోట్ నల్లగా పూసి ఉండటంతో కంటికి ఆనలేదు. అందుకే చెబుతున్నాను, ఆ పైపుల్ని కళ్లతో చూడటం చాలదు, చల్లగా ఉన్నప్పుడు చేత్తో తడమాలి. రబ్బరు హోసులు కూడా బయటికి నిక్షేపంగా కనిపిస్తూ లోపలి పొర ఊడి, ఒత్తిడికి తలుపులా మూసుకోవచ్చు. వాటికి వయసే ఆధారం.

ఇంజిన్ మీది థర్మోస్టాట్‌ని పరీక్షించడం సులువు. చల్లగా ఉన్నప్పుడు విప్పి తీసి, గిన్నెలో నీళ్లు పోసి, తీగతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి కాచండి. 85 డిగ్రీల చుట్టుపక్కల అది కదలడం కంటితో కనిపించాలి. నీళ్లు మరిగిపోతున్నా కదలకపోతే పోయినట్టే. తిరిగి పెట్టేటప్పుడు కొత్త ఓ-రింగ్ వేయండి. ఇది మూసుకుని ఉండిపోతే ఇంజిన్ మీది కూలర్‌కి ఆయిల్ వెళ్లదు, భారమంతా ముందు కూలర్ మీదే పడుతుంది. ముందు కూలర్ లేని కారు అయితే ఇక చెప్పేదేముంది.

చక్రం గూటిలోని థర్మోస్టాట్ మాత్రం అంత సులువుగా లొంగదు. దశాబ్దాల తరబడి నీళ్లు, మట్టి కొట్టి, పైపు నట్లు థర్మోస్టాట్ అల్యూమినియం మరలతో కలిసిపోయి రాయిలా పట్టుకుంటాయి. బలం పెట్టి తిప్పితే నట్టుతో పాటు మరలు చీలి వస్తాయి, లేదా పైపే మెలికపడుతుంది. ముందు రెండు మూడు రోజులు తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండండి. థర్మోస్టాట్ వైపు ఒక స్పానర్‌తో అదిమి పట్టి, రెండో స్పానర్‌తో నట్టు తిప్పండి. అప్పటికీ కదలకపోతే నట్టుని పొడవుగా కోసి విప్పి, పైపుని త్యాగం చేసి థర్మోస్టాట్‌ని కాపాడుకోవడం మేలు. ఏది ఖరీదో అది దక్కాలి. అందుకే పై కొలతలు పూర్తయి, తప్పు దీనిదేనని రుజువయ్యాకే దీని మీద చెయ్యి వేయండి.

ఐదో మెట్టు: గాలి

ఇంజిన్ మూత తెరవండి. ఎదురుగా కనిపించే పెద్ద ఫ్యాన్‌ని బెల్ట్ తిప్పుతుంది. 964కి ముందున్న కార్లలో ఒక్క బెల్టే ఫ్యాన్‌నీ ఆల్టర్నేటర్‌నీ రెంటినీ తిప్పుతుంది. అందుకే ఆ కార్లలో నడుస్తుండగా ఛార్జింగ్ ఎర్ర లైటు వెలిగితే అది బ్యాటరీ సంగతి మాత్రమే కాదు, ఫ్యాన్ ఆగిపోయి ఉండవచ్చు. వెంటనే ఆపాలి, పక్క ఊరిదాకా పోదాం అనుకోకూడదు. బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు, కాస్త పైన లోపలికి పోవాలి. వదులైతే పుల్లీ రెండు సగాల మధ్య ఉన్న పల్చటి వాషర్లలో ఒకటి తీసి బయటి వైపు వేస్తే బిగుస్తుంది. ఆ వాషర్ పారేయకండి, కొత్త బెల్ట్ వేసినప్పుడు మళ్లీ లోపలికి కావాలి. జారే బెల్ట్ ఎప్పుడూ కీచుమనదు. పుల్లీ లోపలి గోడలు అద్దంలా మెరుస్తుంటే అది జారుతోంది.

మూత లోపలి వైపు చప్పుడు తగ్గించే నల్లటి స్పాంజి పొర ఉంటుంది. వయసు మీద పడి అది పొడిపొడిగా రాలుతుంది. ఫ్యాన్ దాన్ని పీల్చుకుంటుంది. ఒకసారి ఆ పొర చేతి వేలితో గీరి చూడండి, నల్లటి ముద్ద అంటుకుని వస్తే మిగతాది ఎక్కడికి వెళ్లిందో ఊహించుకోవచ్చు. ఫ్యాన్ రెక్కల సందులోంచి లోపలికి టార్చ్ వేసి, ఇంజిన్ కూలర్ రెక్కల మీద, సిలిండర్ల మధ్య ఏముందో చూడండి. స్పాంజి, ఆకులు, ఎలుక గూళ్లు, ఎవరో మర్చిపోయిన గుడ్డ పేలిక, అన్నీ దొరికే చోటది. వాటికి కారిన ఆయిల్ తోడైతే రెక్కల మీద ఫెల్ట్ లాంటి పొర కడుతుంది. దాన్ని వదిలించాలంటే పై కవచం విప్పక తప్పదు. పెద్ద పనే, అయినా చేయాల్సిన పని.

ఇప్పుడు ఇంజిన్ చుట్టూ ఉన్న రేకుల్ని, వాటి అంచున బాడీకి ఆనుకుని ఉండే రబ్బరు సీల్‌ని చూడండి. నిర్లక్ష్యానికి ఎక్కువగా గురయ్యేది ఇదే అని నా గట్టి నమ్మకం. ఇంజిన్ గదిలో పై భాగం చల్లటి గాలిది, కింది భాగం ఎగ్జాస్ట్ వేడిది. రెంటినీ విడదీసే గోడ ఈ రేకులు, ఈ రబ్బరు. రబ్బరు ఎండి ముక్కలైపోతే, హీటర్ గొట్టాలు తీసేసిన చోట రంధ్రాలు మూయకుండా వదిలేస్తే, స్పార్క్ ప్లగ్ టోపీల సీళ్లు ఊడితే, కింది వేడి గాలి పైకి వచ్చి ఫ్యాన్‌లోకి మళ్లీ వెళ్తుంది. ఇంజిన్ తను వదిలిన ఊపిరే తాను పీల్చుకుంటుంది. పరీక్షకి మూత వేసి, చీకట్లో ఇంజిన్ గది లోపల ఒక వెలిగే బల్బు పెట్టి, కింద పడుకుని పైకి చూడండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ కంత ఉన్నట్టే. సీల్ కొత్తది వేయడానికి అయ్యే ఖర్చు ఏ కూలర్‌తోనూ పోల్చదగింది కాదు.

ఆరో మెట్టు: ఇంజిన్ తానే వేడి పుట్టిస్తోందా

ఇక్కడిదాకా అన్నీ బాగుంటేనే ఇది. ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం వెనకబడితే మంట ఆలస్యంగా మండి, ఆ వేడి ఎగ్జాస్ట్ దారిలోకి, హెడ్‌లలోకి పోతుంది. టైమింగ్ లైట్‌తో మీ ఇంజిన్‌కి చెప్పిన అంకె దగ్గర ఉందో లేదో చూడండి. ఐడిల్‌లోనే కాదు, ఆర్‌పీఎం పెంచినప్పుడు అడ్వాన్స్ కదులుతోందా (స్పార్క్ ముందుకి జరుగుతోందా) అన్నది కూడా చూడాలి. పాత డిస్ట్రిబ్యూటర్లలో లోపలి బరువులు జిడ్డు ఎండి పట్టేస్తాయి. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అయిన మిశ్రమం కూడా కాల్చేస్తుంది. పగిలిన వాక్యూమ్ గొట్టం ఒక్కటి చాలు దానికి.

వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ కూడా రాసుకోండి. ఎప్పటినుంచో వాడే లెక్క, ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 0.7 బార్. ఐడిల్‌లో తక్కువ కనిపించినా ఆర్‌పీఎంతో పాటు పెరుగుతుంటే ఫరవాలేదు. పెరగకపోతే పంపు, బేరింగులు, ప్రెషర్ వాల్వులు చూడాల్సిన పని. అది ఇంటి గ్యారేజ్‌లో చేసేది కాదు. బ్రేకులు పట్టేసి ఉన్నా ఇంజిన్ ఊరికే కష్టపడుతుంది. చక్రాలు చేత్తో తిప్పి చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

1974 నుంచి 1977 దాకా వచ్చిన 2.7 లీటర్ల ఇంజిన్లు ఒక ప్రత్యేక వర్గం. వాటి కేస్ మెగ్నీషియంది. అమెరికాకి వెళ్లిన కొన్నిటికి పొగ కాలుష్యం తగ్గించడానికి థర్మల్ రియాక్టర్లు పెట్టారు, అవి హెడ్‌ల కిందే నిప్పుల కుంపటిలా ఉండేవి. ఆ వేడికి హెడ్ స్టడ్‌లు, అంటే హెడ్‌లని బిగించి పట్టే పొడవాటి బోల్టులు కేస్‌లోంచి ఊడి వచ్చేవి. మీది అలాంటిదైతే, దానికి ముందు కూలర్ లేకపోతే, కొత్తగా ఒకటి పెట్టించడం తొందరపాటు కాదు, అవసరం. పెద్ద కూలర్ వద్దన్న నా మాటకి మినహాయింపు ఇదొక్కటే.

దారి మధ్యలో సూది ఎక్కితే

ఛార్జింగ్ లైటు వెలిగిందా చూడండి. వెలిగితే ఆపి, కట్టేయండి. వెలగకపోతే వెంటనే ఇంజిన్ ఆపకండి, ఆపితే ఫ్యాన్ కూడా ఆగుతుంది. యాక్సిలరేటర్ మీద బరువు తగ్గించి, ఒక గేర్ కిందికి దించి, 2500 ఆర్‌పీఎం చుట్టూ తేలిగ్గా నడపండి. ఫ్యాన్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది కాబట్టి ఐడిల్‌లో దాని గాలి చాలా తక్కువ. అప్పటికీ దిగకపోతే పక్కకి తీసి ఆపి, మూత తెరిచి, చల్లారేదాకా ఆగండి. వేడి ఇంజిన్ మీద నీళ్లు చల్లకండి, లోహం పగులుతుంది.

పైపులు, కూలర్ మార్చాక

కొత్త పైపులు, థర్మోస్టాట్ వేశాక చాలామంది చేసే పొరపాటు, ఆయిల్ నింపి, ఐడిల్‌లో లెవెల్ చూసి, అయిపోయిందనుకోవడం. థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి ముందు పైపులు, కూలర్ ఖాళీగానే ఉంటాయి. మొదటిసారి 85 దాటగానే ఆయిల్ ఒక్కసారిగా ముందుకి వెళ్లి, ట్యాంక్‌లో లెవెల్ దబ్బున పడిపోతుంది. అందుకని మొదటి చుట్టు ఇంటి దగ్గర్లోనే వేయండి, పక్కన రెండు లీటర్ల ఆయిల్ పెట్టుకోండి. ముందు పైపులు చేతికి వేడి తగిలేదాకా నడిపి, సమంగా ఉన్న చోట ఆపి, ఐడిల్‌లోనే డిప్‌స్టిక్ తీసి, అర లీటరు చొప్పున నింపండి. తర్వాత టార్చ్ తీసుకుని చక్రం గూటిలో, ముందు ఫెండర్ లోపల ప్రతి కలయిక దగ్గరా తడి ఉందేమో చూడండి. మర్నాడు ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఇంకోసారి చూడండి. నల్ల టేపు ముక్కలు మాత్రం పీకేయకండి, వచ్చే ఎండాకాలం మళ్లీ అవే చోట్ల కొలిచి పాత అంకెలతో పోల్చుకోవాలి.